తిరిగి చూడని సిపాయి

మమతారాణికి అన్నిటికన్న పెద్ద భయం ఒక్కటే. పుట్టినకాడి నుంచి తను బిడ్డతోని మాట్లాడిన మాటల్ల ఒక్కటన్న బిడ్డకు చేరిందో లేదో అని. జ్వరాలకు భయపడ్డది, గల్లీ కుక్కలకు భయపడ్డది, ఇంట్ల నడిచే సాంచె మగ్గం బెల్టుల పిల్ల గౌను ఎక్కడ చిక్కుతదో అని నిద్రల ఉలిక్కిపడ్డది, గని అవన్నీ ఒక్క కాడ పోసినా దీనికి సరిరావు. ఇప్పుడు కరీంనగర్ల ఒక చెవుల దవాఖానల, లోపలి గదిల, ఆ భయాన్నే ఒడిల పెట్టుకోని స్టూలు మీద కూసున్నది. గది చిన్నగున్నది, చల్లగున్నది. గోడలకు మెత్తగ ఏదో అంటించిండ్రు, తలుపు మూసేసరికి బయటి ఆటోల హారన్లు కత్తెర పెట్టి కత్తిరించినట్టు తెగిపోయినయి. మంచం మీద మూడేండ్ల దీపిక నిద్రపోతుంది. పిల్ల నిద్రపోతేనే ఈ పరీక్ష అయితదట, అందుకని పొద్దుగాల సిరిసిల్లల బస్సెక్కినప్పటి నుంచి దానికి కునుకు పడనియ్యలే. కన్ను మూతపడితే నానమ్మ బాలలక్ష్మి బుగ్గ గిల్లింది, కిటికీల నుంచి గొర్లమందను చూపెట్టింది, కొంగుతోని మొఖం మీద గాలి కొట్టింది. ఆఖరికి ఈడ తియ్యటి మందు తాగిపిస్తే మమత భుజం మీదనే ఒరిగిపోయింది. నుదుటి మీద ఒక బిళ్ళ, చెవుల ఎనుక చెరొక బిళ్ళ, బిళ్ళ బిళ్ళకు తీగ, తీగలన్నీ పోయి కంప్యూటర్ల కలిసినయి. పరీక్ష చేసే పిల్ల పేరు రోజారాణి. పెదాల మీద వేలు పెట్టి, "ఫోను సైలెంట్ల పెట్టు అక్కా. దగ్గొస్తే కూడ ఆపుకో. గంట పట్టొచ్చు," అన్నది. సప్పుడు లేని గంట మమతకు కొత్త. వాళ్ళింట్ల అసొంటి గంట కరెంటు పోతేనే వస్తది.

ఒడిల ఫోను మాత్రం ఊకుంటలేదు. సప్పుడు లేకుండనే వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళ వెలుగుతుంది. అది 'చావి సిపాయి దోస్తులు' గ్రూపు. చిన్నప్పుడు ఒకే బొమ్మల పుస్తకం మీద పాణం పెట్టుకున్న పిల్లలు, ఇప్పుడు బొజ్జలొచ్చి, తల మీద ఎంటికలు పోయి, ఫోన్లల్ల మళ్ళ కలిసిన గ్రూపు. చావి సిపాయి ముందుగాల ఒట్టి రేకు బొమ్మ. ఎర్రకోటు, కండ్ల దాక దిగిన నీలం టోపీ, ఈపుల ఇత్తడి చావి. చావి తిప్పి కింద పెడితే కిర్రు కిర్రుమని నాలుగడుగులేసి ఆగేటోడు, మళ్ళ ఎవరన్న తిప్పేదాక అట్లనే నిలబడేటోడు. జాతర్లల్ల ఊదే పీకల పక్కన, గాలి బుగ్గల పక్కన పెట్టి అమ్మేటోళ్ళు. బొమ్మ మంచిగ అమ్ముడుపోయేసరికి ఆ కంపెనోళ్ళే దాని మీద నెలనెల ఒక బొమ్మల పుస్తకం తీసిండ్రు. కొన్నేండ్లు నడిచింది, ఒక నెల రాలే, పిల్లలు వచ్చే నెల దాక చూసిండ్రు, ఇగ ఎన్నడూ రాలే. దాంట్ల ఒక తమాష ఉండె. మల్లి అనే పిల్ల మాట్లాడుతది, తుప్పురాజు అనే దుర్మార్గుడు మాట్లాడుతడు, మేకలు సుత మాట్లాడుతయి. సిపాయి నోటి పక్కన మాత్రం ఒట్టి తెల్లబుడగ. ఆయన మాట ఏందో పెన్సిల్ పట్టుకోని ఎవరికి వాళ్ళే రాసుకోవాలె.

ఇయ్యాల గ్రూపు గింత లొల్లి లొల్లి ఎందుకున్నదంటే, గ్రానైటు యార్డుల పనిచేసే భానుప్రసాద్‌కు పాత కాయితాల దుకాణంల ఆఖరి నెల పుస్తకం దొరికింది. ఎవ్వరూ ముట్టని కాపీ, పెన్సిల్ గీత పడలే. ఆఖరి పేజీని ఫోటో తీసి పెట్టిండు. గోదారి ఒడ్డు, వాన. సిపాయి నీళ్ళ దిక్కు నడుస్తుండు, మనకు ఎదురుంగ మొఖం. ఎనుక నుంచి మల్లి ఉరుకుతుంది, చేతిల చావి, నోరు గుహ లెక్క తెరిచింది: 'సిపాయీ! ఆగు! చావి ఊడిపోయింది!' సిపాయి తిరుగలే. నోటి పక్కన బుడగ పాలమీగడ లెక్క తెల్లగున్నది. "అరే గిదేంది, ఖాళీగున్నది?" అని మంథనిల ఆటో నడిపే బాలమల్లు రాసిండు. "నా పుస్తకంల 'తుప్పురాజా, నీ అంతు చూస్త' అని అచ్చేసి ఉండె. నా కండ్లతోని సదివిన." "సదివినవ్ తియ్యి, ముందుగాల నువ్వే రాసి సదివినవ్," అని భానుప్రసాద్. "అచ్చే ర బయ్! మా మంథనిల సిపాయి శ్లోకాలు సుత చెప్పేటోడు." "మంథనిల రేకు బొమ్మ కూడ పంతులేనార?" "నవ్వకు. గా తుప్పురాజు మీసం చూసినవా, అచ్చం మా మామ మీసం." దాని కింద పేరు లేని నెంబరు నుంచి ఒక్క ముక్క వచ్చింది: "సదువుతున్న అల్లుడా." మమతకు నవ్వు పొట్టల నుంచి ఎగదన్నింది, కొంగు నోట్ల కుక్కుకున్నది. రోజారాణి ఎనుకకు తిరిగి చూసింది. నవ్వొద్దు, దగ్గొద్దు. పిల్ల నుదుటి మీద బిళ్ళ చల్లగ మెరిసింది.

ఆ గ్రూపుల మమత ఎన్నడూ ఒక్క ముక్క రాయలే. తొమ్మిదో తరగతితోని ఆగిన సదువు, ఒత్తులు ఎక్కడ పెడితే ఎక్కడ పోతయో, నలుగురు నవ్వుతరని. ఇచ్చోడల సడక్ మీద బాపు మొండయ్యకు చిన్న హోటల్ ఉండె, అవ్వకు పాణం బాగలేనప్పటి నుంచి పొయ్యి కాడ ఒక మనిషి కావల్సి వచ్చింది, ఆ మనిషి మమత అయింది. సదువు ఆగింది గని సదువుడు ఆగలే, బజ్జీలు కట్టే కాయితాలు కట్టక ముందు సదివేది, సదివినంక కట్టేది, గిరాకీలు తిట్టేటోళ్ళు. సిపాయి దానికంటె ముందటి సంగతి. నాగోబా జాతరల బాపు కొనిచ్చిండు, మంచు కురుస్తుంది, బాపు రుమాలు తీసి తన తలకు చుట్టి, రేకు బొమ్మను చేతిల పెట్టిండు, ఆ రేకు ఎంత చల్లగుండెనో ఇప్పటికీ అరచేతికి యాదికున్నది. పుస్తకం నెలకోసారి బస్సు మీద వచ్చేది. బాపూ, సిపాయి ఏమంటుండే? అని అడిగితె బజ్జీలు తిప్పుకుంటనే, "నువ్వేమంటే గదే అంటడు బిడ్డా," అన్నడు. అప్పుడు అది ఒట్టి మాట అనుకున్నది. ఇప్పుడు ఆలోచిస్తే వొళ్ళు జలదరిస్తుంది. అదే నెల, అదే బొమ్మ, సడక్‌కు ఈ పక్క సిపాయి తెలుగు మాట్లాడిండు, ఆ పక్క తన దోస్తు బుడగల 'థాంబ్' అని మరాఠీల రాసింది, ఆగు అని, మసీదు గల్లీల ఉర్దూల తిట్టిండు, గుట్టల దిక్కు పోతే గోండిల పాట పాడిండు. మంథనిల శ్లోకాలు చెప్పిండు. ఒక్క రేకు ముక్క, నోరే తెరువలే, రెండు జిల్లాల నిండ ఇన్ని గొంతులతోని ఎట్ల మాట్లాడిండు? మమతకు సుత ఆ గొంతు వినబడేది. కొంచెం బొంగురు, కొంచెం దూరం, పక్క అర్రల నుంచి వస్తున్నట్టు. ఆఖరి బుడగల 'వస్తున్న మల్లీ' అని ఉండె, అచ్చుల ఉండె అని ఇయ్యాల పొద్దటి దాక ఒట్టు పెట్టేది. వస్తున్న అన్నోడు ఎందుకు తిరుగలే అని ఇరవై ఏండ్ల సంది మనసుల ఒక ముల్లు. ఇప్పుడేమో బుడగ తెల్లగున్నది. ఆ మాట తనదే.

రోజారాణి ఒక మీట నొక్కింది. దీపిక చెవులల్ల పెట్టిన గొట్టాల నుంచి టిక్ టిక్ టిక్ అని సప్పుడు పోతుందట, బయటికి వినబడది. కంప్యూటర్ మీద ఒక గీత అడ్డంగ పాకుతుంది. "పిల్లకు వినబడితే గీ గీతల చిన్న చిన్న గుట్టలు లేస్తయి అక్కా. నిద్రల కూడ లేస్తయి. తలకాయ ఆపుదామన్నా ఆగయి," అని గుసగుసగ చెప్పింది. గీత ఎండకాలం పొలం లెక్క చదునుగున్నది. రోజారాణి సప్పుడు పెంచింది. చదునే. మమత ఆ గీతను చూడలేక ఫోను దిక్కు చూసింది, ఫోను చూడలేక గీతను చూసింది.

సిపాయి ఎందుకు తిరుగలే అని గ్రూపుల లొల్లి మొదలైంది. ఇది పాత లొల్లి, ఎన్నడూ తెగది. కోపం, అన్నడు భానుప్రసాద్, ఎనుకటి నెలల మల్లి తుప్పురాజుకు చావి ఇచ్చింది కద, ఆ కోపం. శపథం పట్టిండు, తుప్పురాజును సంపేదాక తిరిగి చూడ అని, ఇది బాలమల్లు. మస్కట్ల క్రేన్ నడిపే నాగరాజు ఎప్పుడూ తక్కువ రాస్తడు. ఇయ్యాల రాసిండు: "తిరిగి చూస్తే పోలేడుర. ఎయిర్‌పోర్టుల మా చిన్నోడు బాపూ అని ఒర్రుతనే ఉన్నడు. నేను సుత తిరిగి చూడలే." మమతకు అంతా నిజమే అనిపించింది. ఎవరి దుఃఖం వాళ్ళు తీసుకపోయి ఆ సిపాయి ఈపున తగిలించిండ్రు, చావి లెక్క, అది తిప్పితేనే ఆయన నడిచిండు.

మరి తన ఇంట్ల? సిరిసిల్లల వాళ్ళది సాంచెల ఇల్లు. ముందర్రల వంట, ఎనుకర్రల సాంచెలు, మామ నడిపేటోడు, ఇప్పుడు మొగడు రాకేశ్ నడుపుతుండు, పొద్దుమాపు టకటకటకటక, గోడలు వణుకుతయి, గిన్నెలల్ల నీళ్ళు వణుకుతయి. అసొంటి ఇంట్ల పిలుసుడు అనేది ఉండది. పేరు పెట్టి ఒర్రినా ఎవరికి వినబడాలె? వచ్చి భుజం మీద తడ్తరు, ఎదురుంగ నిలబడి పెదాలు ఆడిస్తరు. ఐదు వేళ్ళు నోటికి పెడితే అన్నం, రెండు వేళ్ళు మెలేస్తే నూలు కండె, బొటనవేలు ఎత్తితే నీళ్ళు. దీపిక ఇవన్నీ నడక రాకముందే నేర్చింది. ఇంత తెలివి ఎవరికీ లేదన్నరు. మాటలు రాలేదంటే, "రాకేశ్ గాడు సుత నాలుగేండ్లకు గని నోరు తెరువలే, సాంచెలోళ్ళ పిల్లలు గంతే," అన్నది అత్త. పెద్ద సప్పుడైనా పిల్ల ఉలిక్కిపడకపోతే గల్లీ గల్లీ మెచ్చుకున్నది. సప్పుడుకు బెదరనోడు అని బొమ్మల పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలు ఉండేటియి, తుప్పురాజు ఫిరంగి పేల్చినా సిపాయి రెప్ప కొట్టడు, ఆ మాటనే మమత ఎత్తుకున్నది, నా బిడ్డ చావి సిపాయి, సప్పుడుకు బెదరది అని చుట్టాలందరికీ చెప్పుకున్నది, ఛాతి ఉప్పొంగింది. దీపావళికి బాంబుల నడుమ నవ్వుకుంట నిలబడ్డ పిల్లను వీడియో తీసి పుట్టింటికి పంపింది. సిరిసిల్ల పిల్లలు సప్పుడుకు లేవరు, సప్పుడు ఆగితే లేస్తరు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. మొన్న ఎండల పగటీలి కరెంటు పోయింది, సాంచెలన్నీ ఒక్కసారి సల్లబడ్డయి, గల్లీ పొడుగూత తొట్టెలల్ల పిల్లలు కెవ్వుమన్నరు. దీపిక లేవలే. మమత పిల్ల మొఖం చూసుకుంట నిలబడ్డది. ఇంట్ల అంత నిశ్శబ్దం ఎన్నడూ లేకుండె. దీపికా అన్నది. దీపికా అని ఒర్రింది. చేతిల ఉన్న స్టీలు చెంబును బండల మీద ఇసిరేసింది, అది దొర్లుకుంట దొర్లుకుంట పోయి సాంచె కాలుకు తగిలి ఆగింది. పిల్ల పెదాల మీద నిద్రల నవ్వు అట్లనే ఉన్నది.

ఫోను మళ్ళ వెలిగింది. భానుప్రసాద్ అదే పేజీని ఇంకింత దగ్గరికెల్లి తీసి పెట్టిండు, వాన గీతలు సుత కనబడుతున్నయి. మమత రెండు వేళ్ళతోని సిపాయి మొఖాన్ని పెద్దగ చేసింది. కండ్లు. కండ్ల మీద టోపీ. టోపీ కింద నున్నటి బుగ్గ, బుగ్గ ఎనుక నున్నటి రేకు, దాని ఎనుక వాన. ఇంకింత పెద్దగ చేసింది. ఏందో లేదు. ఏం లేదో తెలుస్తలేదు. పక్కకు చూసింది, దీపిక చెవి, అల్లం ముక్క లెక్క చిన్న చెవి, దాంట్లకెల్లి గొట్టం. మళ్ళ ఫోను చూసింది. సిపాయికి చెవులు లేవు. బొమ్మకే లేవు. రేకును ఒత్తినోళ్ళు టోపీని దించి ఊకున్నరు, బొమ్మను చూసి గీసినోడు బొమ్మల లేనిది పుస్తకంల ఎట్ల గీస్తడు? పాత పేజీలన్నీ కండ్ల ముందల తిరిగినయి. ఏ నెలలనన్న మల్లి ఎప్పుడూ ఎదురుంగ ఉరికొచ్చి, ఛాతి మీద తట్టి మాట్లాడేది. సిపాయి ఎప్పుడూ ఆమె మూతి దిక్కే చూసేటోడు. ఫిరంగికి బెదరకపోతే ధైర్యం అనుకున్నరు. ఆఖరి పేజీల మల్లి ఎనుకబడ్డది, అంతే, మొదటిసారి ఎనుక నుంచి పిలిచింది. కోపం ఎక్కడిది, శపథం ఎక్కడిది. రెండు జిల్లాల పిల్లలందరు ఇరవై ఏండ్లు కొట్లాడిండ్రు, ఎవ్వరికీ తట్టలే. మమతకు, ఏమనాలెనో తెల్వనిది, గుళ్ళె గర్భగుడి చీకట్ల నిలబడితే వచ్చే గుబులసొంటిది, నెత్తి మీద నుంచి కాళ్ళ దాక దిగింది. వినబడకనే ఆయన అన్ని నెలలు మల్లిని కాపాడిండు. వినబడకనే ఊరూరి భాషల్ల పలికిండు. వినబడకనే దీపిక అన్నం, నీళ్ళు, కండె నేర్చింది. పొద్దూకితే పోయి సాంచెల గోడకు చెంప ఆనించి కండ్లు మూసుకోని నిలబడేది. మగ్గం పిచ్చి దీనికి అని అందరూ నవ్విండ్రు. అది అక్కడ ఏం వింటుండెనో.

"అక్కా," అన్నది రోజారాణి. ఇప్పుడు గుసగుస కాదు. కంప్యూటర్ దిక్కు వేలు చూపింది. "గిది అన్నిటికన్న పెద్ద సప్పుడు. చూడు." చదును గీతల ఒక్క కాడ, చీమల పుట్టంత, గీత లేచింది. మళ్ళ కొట్టింది, మళ్ళ అక్కడనే లేచింది. మమత లేచి నిలబడ్డది, స్టూలు కిర్రుమన్నది, ఎవ్వరూ ఏమనలే. ఆ పుట్ట దిక్కు చూస్తనే ఉన్నది. మూడేండ్లు ఒళ్ళె పెట్టుకున్న పిల్ల, తనకు తెల్వని ఏ లోతుల నుంచో, నేను ఈడున్న అన్నట్టు ఒక గీత. "రెండు దిక్కులా ఇంతే. బాగ పెద్ద సప్పుడైతె పోతుంది. మాట సప్పుడు పోతలేదు. రేపు పొద్దుగాల డాక్టర్ సారు చూసి చెప్తడు, చెవికి మిషన్ పెడ్తరా, ఇంకేమన్ననా అని. ముందుగాలనే తీసుకొచ్చిండ్రు, అది మంచిదైంది." "సాంచెల సప్పుడు?" అని అడిగింది మమత. "చెవి ఆనిస్తే వినబడొచ్చు అక్కా." అయితే ఈ లోకంల తన బిడ్డ విన్నది సాంచెలనే. అవ్వ గొంతు ఇంకా మొదలే కాలే.

అత్త బాలలక్ష్మి తలుపు తీసుకోని లోపలికొచ్చింది, చేతిల మనుమరాలికి తెచ్చిన బువ్వ గిన్నె ఉన్నది. సంగతి విని గోడకు ఆనుకోని, "నేను పిలిస్తే పలుకకపోతే నా మనుమరాలికి పొగరు అనుకున్ననే," అన్నది. పోయి పిల్ల పాదాలు పట్టుకున్నది. కండ్లు తుడుసుకోకుండనే, "మమతా, మన ఎదురింటి అంతయ్య మనుమరాలు సుత గంతే కదనే. మొన్న కరెంటు పోయిననాడు గల్లీల లేవంది ఇద్దరే. నేనే మెచ్చుకొని దిష్టి తీసిన," అన్నది. ఇంకా ఏడాది నిండని పిల్ల. వాళ్ళు ఇయ్యాల పొద్దూకినంక మహారాష్ట్ర పోయే భివండి బస్సెక్కుతుండ్రు, ఇల్లు తాళమేసి, అక్కడ సాంచెల పనికి. అక్కడ కూడ అదే సప్పుడు, అదే తట్టుడు, అదే మెచ్చుకోలు, ఎన్నేండ్లకు తెలుస్తదో. ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవ్వరూ ఎత్తలే. సాంచెలు నడిచే ఇంట్ల ఫోను ఎవరికి వినబడ్తది? రాకేశ్‌కు చేసింది, అక్కడ సుత అంతే. రేపటి దాక కరీంనగర్ ఇడిచి పోరాదు. గ్రూపు తెరిచింది. పైన ఇంకా కోపం అంటుండ్రు, శపథం అంటుండ్రు. ఒత్తులు ఎక్కడ పోతే అక్కడ పోనియ్యి అనుకోని ఎడమ చేయి దీపిక కడుపు మీద పెట్టుకోని కుడి చేతితోని రాసుడు మొదలుపెట్టింది.

"అన్నలూ, నేను మమతారాణి, ఇచ్చోడ పిల్లను, సిరిసిల్ల కోడలిని. సిపాయికి కోపం లేకుండె. మల్లి పిలిచింది ఆయనకు వినబడలే. ఫోటో మళ్ళ చూడుండ్రి, చెవులు లేవు. దాని గురించి తర్వాత కొట్లాడుదాం. గిది సదువుతున్నోళ్ళల్ల ఎవరన్న సిరిసిల్ల దిక్కు ఉంటే, మీరు కాకపోతే మీ ఎరుకల ఎవరన్న ఉంటే, పొద్దూకేసరికి జర బస్టాండుకు పోయి రాండ్రి. భివండి బస్సు కాడ అంతయ్య అని సాంచెలాయన, కోడలు, కోడలు సంకల చిన్నపిల్ల ఉంటరు. పిల్ల పేరు హర్షిణి. ముందర నిలబడకుండ్రి, ముట్టకుండ్రి, చేతులు ఊపకుండ్రి, పిల్ల తెలివిగలది, పసిగడ్తది. ఎనుకకు పోయి పేరు పెట్టి గట్టిగ పిలువుండ్రి. తిరుగుతదో లేదో ఒక్కసారి చూడుండ్రి."